మాత్రకు లొంగని సగం జబ్బు

సంపాదకులకు నమస్కారాలు.

ఈ మధ్య మీ పత్రిక ఆరోగ్య పేజీలో స్కిజోఫ్రీనియా గురించి వచ్చిన వ్యాసం చదివాను. గాలి సోకిందనీ, ఎవరో చేతబడి చేశారనీ తాయెత్తుల చుట్టూ తిరగకుండా వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకువెళ్ళమని అంత స్పష్టంగా చెప్పినందుకు సంతోషించాను. అయితే చివర్లో, మందులు మానకుండా వాడితే రోగి మామూలు మనిషి అయిపోతాడని రాసిన వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. అందులో అబద్ధమేమీ లేదు గానీ, ఉన్నది సగమే. ఆ సగాన్నే పూర్తి నిజమనుకుని మా ఇంట్లో ఇరవై ఏళ్లపాటు ఒక మనిషిని సోమరిపోతని తిట్టుకున్నాం. మిగతా సగం గురించి చెప్పడానికే ఈ ఉత్తరం. ఉత్తరాల శీర్షికకు ఇది పొడుగే. మీకు వీలైనంత మేరకు వేసుకోండి.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా తమ్ముడు మా నలుగురిలో చివరివాడు, నేను చంకనేసుకుని పెంచినవాడు. ఇప్పుడు 47 ఏళ్లు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, 21వ ఏట, ఎవరెవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు చెవుల్లో మాటలు మొదలయ్యాయి. ఎదురింటి డాబా మీది డిష్ యాంటెన్నా తన ఆలోచనలను లాగేసుకుంటోందని కిటికీలకు దుప్పట్లు కట్టేవాడు. ఏడాది తిరగకుండానే మందులు పడ్డాయి, మాటలు సద్దుమణిగాయి, దుప్పట్లు దిగాయి. మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇక వాడు చదువు పూర్తిచేసి ఉద్యోగం చూసుకోవడమే తరువాయి అనుకున్నాం.

వాడు ఏదీ చూసుకోలేదు. పొద్దున లేచి మంచం మీదే కూర్చునేవాడు. సీరియల్ చూస్తున్నవాడు మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు, కథ అందడం లేదని చెప్పేవాడు కాదు. వీధి చివరి కొట్టుకు పంపి అరకిలో ఉల్లిపాయలు, పాల ప్యాకెట్టు, అగ్గిపెట్టె తెమ్మంటే, పాల ప్యాకెట్టు ఒక్కటే తెచ్చి గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇంకోటేదో చెప్పావు" అనేవాడు. ఆ గుమ్మంలో వాడు నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఒక చేతిలో ప్యాకెట్టు కారుతూ ఉండేది, రెండో చేతి గుప్పిట్లో చిల్లర, ఆ చిల్లరలోనే మిగతా రెండు సరుకులూ రాసి ఉన్నట్టు దానివైపే చూస్తూ ఉండేవాడు. మా నాన్న లోపల్నుంచి, "తిండి మాత్రం మరిచిపోడు" అనేవారు. నేను ఆ మాట అనలేదు గానీ, కాదని కూడా అనలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ జబ్బుకు స్కిజోఫ్రీనియా అని 1908లో పేరు పెట్టినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్. చీలిన మనసు అన్న అర్థం వచ్చే ఆ పేరు పట్టుకుని మన సినిమావాళ్లు ఒకే మనిషిలో ఇద్దరు మనుషులను చూపించి దశాబ్దాలుగా డబ్బు చేసుకుంటున్నారు, అది వేరే సంగతి. అంతకుముందు జర్మనీలో ఎమిల్ క్రేపెలిన్ దీన్ని డిమెన్షియా ప్రీకాక్స్ అన్నాడు, అంటే పడుచు వయసులోనే బుద్ధి మందగించడం. అందరిదీ నానాటికీ దిగజారే దారేనని క్రేపెలిన్ అనుకున్నది సరి కాదని తర్వాత తేలింది. కానీ రోగి దృష్టి నిలవకపోవడం, ఆలోచన కుదురుగా సాగకపోవడం ఆయన కంటబడ్డాయి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్‌తో మందుల యుగం మొదలయ్యాక వైద్యం చూపంతా భ్రమల మీదికి, లేని మాటలు వినపడటం మీదికి మళ్ళింది. మందులు వాటినే తగ్గిస్తున్నాయి కనుక జబ్బంటే అవేనని అందరం అనుకున్నాం. బుద్ధికి సంబంధించిన భాగం పక్కన పడిపోయింది. ఆ తర్వాత, 1996లో అమెరికాలో మైఖేల్ గ్రీన్ అనే పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. రోగి ఉద్యోగం చేయగలడా, నలుగురితో మెలగగలడా, కొత్త పని నేర్చుకోగలడా అన్నది చెవిలో వినపడే మాటల కంటే జ్ఞాపకం, ఏకాగ్రత వంటివాటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటోందని ఆయన పరిశీలనలో తేలింది.

మా తమ్ముడి విషయంలో ఆ భాగం జబ్బు కంటే ముందే వచ్చింది. పదో తరగతిలో లెక్కల్లో 94 వచ్చినవాడికి ఇంటర్ రెండో ఏడాదిలో ఒక్కసారిగా మార్కులు పడిపోయాయి. స్నేహాలు చెడ్డవన్నాం, పేకాట అన్నాం, హాస్టల్ మార్చాం. చెవిలో మాటలు మొదలు కావడానికి కొన్నేళ్ల ముందు నుంచే చాలామందిలో చదువు, ఏకాగ్రత తగ్గుముఖం పడతాయని వైద్యులు చెబుతారు. అలా మార్కులు తగ్గిన ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉందని ఎవరూ కంగారు పడనక్కరలేదు, ఎన్నో కారణాల్లో ఇది చాలా అరుదైనది. నేను చెబుతున్నది ఆ కారణం ఒకటి ఉందన్న ఎరుక కూడా ఒక టీచరునై ఉండీ నాకు లేకపోయిందని.

ఐదేళ్ల కిందట ఒక క్లినిక్‌లో కొత్తగా చేరిన క్లినికల్ సైకాలజిస్టు వాణ్ణి గంటన్నరసేపు పరీక్షించింది. పదాల జాబితా చదివి తిరిగి చెప్పమంది, అంకెలు వెనక నుంచి చెప్పించింది, బొమ్మలు చూపించి గీయించింది. తర్వాత నన్ను పిలిచి, "మేడమ్, ఆయన మరిచిపోతున్నారని మీరనుకుంటున్నారు. ఆయనకు మాట అసలు లోపలికే సరిగా వెళ్ళడం లేదు. వెళ్ళినంత మేరకు బాగానే నిలుస్తోంది" అంది. కొట్టు దగ్గర పోయిందనుకున్న ఉల్లిపాయలు మా వంటగది గుమ్మం దగ్గరే పోయాయన్నమాట. నేను వంట చేస్తూ, కుక్కర్ కూతల మధ్య, వీపు తిప్పి మూడు పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పేదాన్ని. 31 ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడిన మనిషికి ఆ తేడా మరొకరు చెప్పాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి చేయించిన దాన్ని కాగ్నిటివ్ ట్రైనింగ్ అంటారు, కాస్త విస్తృతంగా కాగ్నిటివ్ రెమిడియేషన్ అని కూడా అంటారు. గ్రహణశక్తికి ఇచ్చే శిక్షణ అని మనం చెప్పుకోవచ్చు. దృష్టి నిలపడం, విన్నది పట్టుకోవడం, తలలో ఒక విషయం ఉంచుకుని మరో పని చేయడం, పనిని మెట్లుగా విడగొట్టుకోవడం, ఎదుటివాడి ముఖం చూసి భావం పోల్చుకోవడం, వీటిని తేలిక నుంచి కష్టానికి మెల్లగా పెంచుకుంటూ సాధన చేయించడమే ఇందులో ఉన్నది. లండన్‌లో టిల్ వైక్స్ అనే పరిశోధకురాలి బృందం రూపొందించిన పద్ధతిలో మొదట కాగితం, పెన్సిలుతోనే వారానికి కనీసం మూడు రోజుల చొప్పున సుమారు 40 సెషన్లు నడిపేవారు. మన దేశంలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు, జబ్బు మొదటిసారి బయటపడిన వారికి మామూలు వైద్యంతో పాటు ఇంటి దగ్గరే, ఇంట్లోవారి పర్యవేక్షణలోనే ఈ శిక్షణ ఇప్పించి పరీక్షించారు. ఆ ఫలితాలు 2012లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చాయి. పథకం వేసుకోవడం, ఒకేసారి రెండింటిపై దృష్టి పెట్టడం వంటివాటిలో మెరుగుదల కనిపించింది. ఇల్లే శిక్షణశాల కావచ్చునన్నది మనలాంటి దేశానికి చాలా పెద్ద మాట.

మా ఇంట్లో శిక్షణశాల అంటే ఒక స్టీలు పళ్లెం. అందులో పెసలు, మినుములు, శనగలు గుప్పెడేసి కలిపి పోసి వేరు చేయమనడం మొదటి పని. తొలిరోజు మూడూ కలిపి ఇచ్చాను. పదకొండో నిమిషంలో లేచి వెళ్ళిపోయాడు. ఆ సంగతి చెబితే సైకాలజిస్టు నన్నే తప్పుపట్టింది. మొదట రెండు రకాలే ఇవ్వాలట, ఐదు నిమిషాలకే ఆపాలట, అసలు తప్పు జరగడానికి వీలు లేనంత తేలికగా మొదలుపెట్టాలట. ఈ జబ్బున్నవాళ్లకు తాము చేసిన తప్పు కూడా ఒప్పుతో పాటే మనసులో నాటుకుపోతుంది కాబట్టి, తప్పు చేయించి దిద్దడం కన్నా తప్పే జరగకుండా నేర్పడం మేలని చెప్పింది. ఎర్ర సిరాతో బతుకు గడిపినదాన్ని, ఆ మాట జీర్ణం చేసుకోవడానికి నాకే కొన్ని వారాలు పట్టింది.

రెండో పనికి మీ పత్రికే సాధనం. మొదటి పేజీలో ఒక వార్త తీసుకుని అందులోని 'మ' అక్షరాలన్నిటి చుట్టూ సున్నా చుట్టాలి. ఇంగ్లిషులో ఈ అభ్యాసం ఎలా ఉంటుందో గానీ, తెలుగులో దీనికి ఒక గడుసుదనం ఉంది. 'మ'కూ 'వ'కూ మధ్య ఉన్నదల్లా ఒక చిన్న కొమ్ము. కన్ను జారితే ఇట్టే మోసపోతాం. ఒక పేరాలో 14 'మ'లు ఉంటే మా తమ్ముడు మొదటిరోజు ఎనిమిది సున్నాలు చుట్టాడు, వాటిలో రెండు 'వ'ల మీద పడ్డాయి. రెండు నెలలకు 14లో 12, ఒక్కోరోజు 14కు 14. తర్వాత సైకాలజిస్టు పని మార్చింది. 'మ' కనిపిస్తే సున్నా, 'న' కనిపిస్తే అడ్డగీత. నాలుగైదు రోజులు మళ్ళీ తప్పులే, మళ్ళీ కుదురుకున్నాడు.

అయితే పేపరు మీద 'మ'లు పట్టుకున్నంత మాత్రాన కొట్టు నుంచి ఉల్లిపాయలు రావు. ఈ శిక్షణ గురించి తెలిసిన వాళ్లందరూ నొక్కిచెప్పే సంగతి ఇదే. అభ్యాసంలో వచ్చిన మెరుగు నిత్యజీవితంలోకి తనంతట తాను నడిచి రాదు, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. 2020లో ఈ రంగంలోని నిపుణులు కలిసి, దేన్ని కాగ్నిటివ్ రెమిడియేషన్ అనవచ్చో చెప్పడానికి నాలుగు అంగాలు నిర్ణయించారు. అభ్యాసం వాటిలో ఒకటి మాత్రమే. శిక్షణ ఇచ్చే మనిషి పక్కన ఉండటం, సమస్యను ఎలా ఎదుర్కోవాలో ఉపాయాలు అలవరచడం, వాటిని బతుకులో వాడేలా చేయడం మిగతా మూడు. మా ఇంట్లో దొరికిన ఉపాయం మా నాయనమ్మ కాలానిది. నాయనమ్మ చాకలిపద్దు వేలి కణుపుల మీద లెక్కపెట్టేది. తమ్ముడు ఇప్పుడు ఒక్కో సరుకుకు ఒక్కో కణుపు మీద బొటనవేలు ఆనించి, పేరు పైకి పలికి, చివర "మూడు" అని లెక్క చెప్పి బయల్దేరతాడు. కొట్టులో మళ్ళీ బొటనవేలితో కణుపులు తడుముకుంటాడు. నేను చేసేదల్లా పొయ్యి తగ్గించి, వాడి వైపు తిరిగి, ఒక్కోటీ ఆగి చెప్పడం. ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో మూడు సరుకులూ, సరైన చిల్లరా తెచ్చి గట్టు మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి ఫ్యాన్ కింద కూర్చున్నాడు. నేను ఆ చిల్లరను రెండుసార్లు లెక్కపెట్టాను.

ఇదంతా ఒక అక్క చెప్పుకునే కథగా తోసిపుచ్చేవారి కోసం అంకెలు కూడా చెప్పాలి. 2011లో వైక్స్, ఆమె సహచరులు 40 అధ్యయనాలను, వాటిలోని 2,104 మందిని కలిపి విశ్లేషించారు. 2021లో ఆంటోనియో వీటా బృందం 130 అధ్యయనాలను, 8,851 మందిని తీసుకుని మళ్ళీ చూసింది. రెండింటిలోనూ ప్రయోజనం ఉందని తేలింది, కానీ అది చిన్నదీ, ఓ మోస్తరుదీ మాత్రమే. వీటా లెక్కలో గ్రహణశక్తి మీద ప్రభావం 0.29, రోజువారీ జీవితం మీద 0.22. లెక్కల టీచరుగా దీన్ని విడమరుస్తాను. క్లాసులో మార్కుల ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మార్కులు అటూ ఇటూ చెదిరే మేర, 15 అనుకుంటే, 0.29 అంటే సగటున నాలుగు మార్కులు పెరగడం. 40 వచ్చేవాడు 90కి ఎగబాకడు. కానీ 32 దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి నాలుగు మార్కుల విలువ ఏమిటో 35 దాటించడానికి తంటాలు పడిన ప్రతి టీచరుకూ తెలుసు. చెవిలో మాటలు తగ్గించడంలో దీని పాత్ర స్వల్పం, ఆ పని మందులదే. మందులు మాని ఇది చేద్దామని ఎవరైనా అనుకుంటే అది ప్రమాదం.

2021 విశ్లేషణలోని మరో అంశం మన ప్రాంతాల దృష్ట్యా నాకు చాలా ముఖ్యంగా తోచింది. తక్కువ చదువుకున్నవారికీ, జబ్బు లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికీ ఈ శిక్షణ వల్ల మేలు ఎక్కువగా కనిపించింది. చదువుకున్న పట్నం కుటుంబాలకే పనికొచ్చే విలాసం ఇది కాదన్నమాట. పైగా పక్కన శిక్షణ పొందిన మనిషి ఉన్నచోట, ఉపాయాలు నేర్పినచోట, ఇతర పునరావాస సేవలతో కలిపి నడిపినచోట ఫలితం బాగుంది.

మనిషి పక్కన ఉండాలన్న మాటను ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఫోన్‌లో మెదడు ఆటలు అమ్మేవాళ్లు ఇప్పుడు లెక్కకు మించి ఉన్నారు. లూమోసిటీ అనే ప్రసిద్ధ యాప్ తయారుచేసిన సంస్థ తన ఆటలతో బడిలో, ఉద్యోగంలో రాణిస్తారనీ, వయసుతో వచ్చే మతిమరుపు తగ్గుతుందనీ ప్రచారం చేసుకుంటే, దానికి తగిన రుజువులు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2016లో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. కంప్యూటర్ అభ్యాసాలన్నీ దండగని నా ఉద్దేశం కాదు. వినికిడిని, మాటల జ్ఞాపకాన్ని పదునుపెట్టేలా 50 గంటల కంప్యూటర్ శిక్షణ ఇచ్చి, మామూలు వీడియో గేములు ఆడినవారితో పోల్చి చూసిన 2009 నాటి అమెరికా అధ్యయనంలో మాటల జ్ఞాపకం మెరుగుపడింది. కానీ ఆట కొని ఫోన్ చేతిలో పెట్టి వదిలేయడం శిక్షణ కాదు.

మందుల విషయంలోనూ ఒక మాట. ఈ జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం వస్తే, దానికి విరుగుడుగా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర రాస్తారు. అది కొన్నాళ్లు అవసరం. కానీ ఆ కోవకు చెందిన మందులు జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయని, అవి ఎక్కువ మోతాదులో వాడేవారికి ఈ శిక్షణ అంతగా పట్టదని పరిశోధనల్లో తేలింది. మా తమ్ముడి చీటీలో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. కొత్త డాక్టరుగారు రెండు నెలల్లో మెల్లగా తగ్గించి, వణుకు రాలేదని చూసుకుని మాన్పించారు. చదివేవారు దయచేసి ఈ ఉత్తరం చూసి సొంతంగా ఏదీ ఆపవద్దు. ఈసారి ఓపీకి వెళ్ళినప్పుడు, "ఈ మాత్ర ఇంకా అవసరమా అండీ?" అని అడగండి చాలు. ఇక గ్రహణశక్తిని పెంచే మాత్ర వస్తుందేమోనని చూస్తూ కూర్చునే వీలు లేదు. ఎంతో ఆశ పెట్టుకున్న ఐక్లెపర్టిన్ అనే మందు పెద్ద ప్రయోగాల్లో ఆశించిన ఫలితం ఇవ్వలేదని 2025 జనవరిలో దాన్ని తయారుచేసిన కంపెనీయే ప్రకటించింది.

ఇంత తెలిసీ ఇది మన జిల్లాల్లో ఎందుకు దొరకదు? దొరకాలని చట్టం చెబుతోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి వ్యక్తికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆ వైద్యంలో పునరావాసాన్ని కూడా చేర్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యాన్నీ ఒకటిగా గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం వంటివాటితో కలిపి ఒక శాతంలో దీనికీ చోటు పెట్టింది. కానీ ఆ చోటు దాకా నడవాలంటే మొదట వైకల్యం ఉన్నట్టు కాగితం కావాలి. దాని కోసం వెళ్ళిన ఒక శిబిరంలో బల్ల అవతలి వ్యక్తి మా తమ్ముణ్ణి పేరు అడిగాడు, ఊరు అడిగాడు, ముఖ్యమంత్రి ఎవరని అడిగాడు. మూడింటికీ సరిగ్గా చెప్పాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా, ఏ పనైనా చేసుకోవచ్చు కదా" అని ఫైలు మూసేశాడు. ఆ మూడు జవాబులూ ఇంటర్ చదివే రోజుల్లోనే వాడి లోపలికి వెళ్ళి కూర్చున్నవి, ఆ ముఖ్యమంత్రి పేరు తప్ప. అది కూడా రోజూ పేపర్లో సున్నాలు చుట్టే పేరే. నాలుగు పనులు వరసగా చెప్పి చేయమని ఉంటే నిజం ఐదు నిమిషాల్లో బయటపడేది. నిజానికి మన దేశంలో ఇందుకు వాడే ఐడియాస్ అనే కొలమానం తనను తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పింది గ్రహించి బదులివ్వడం, పని చేయడం అన్న నాలుగింటినీ విడివిడిగా చూడమంటుంది. కొలమానం మంచిదే, కొలిచే ఓపికే ఉండటం లేదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు కూడా ఉండాలని నిబంధనలున్నాయి. మన దేశంలో లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు కాబట్టి ఈ భారాన్ని ఆయన నెత్తిన పెట్టమని ఎవరూ అడగరు. మూడు నిమిషాల ఓపీలో మందు రాయడమే ఆయనకు ఎక్కువ. నేను అడిగేది జిల్లా ఆసుపత్రిలో ఒక గది, రెండు బల్లలు, వారానికి రెండు పూటలు, శిక్షణ పొందిన ఒక నర్సు లేదా సోషల్ వర్కర్. వారికి మొదట నేర్పగల సంస్థలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది, చెన్నైలో స్కిజోఫ్రీనియా ఉన్నవారి కోసం డాక్టర్ శారదా మీనన్ 1984లో నెలకొల్పిన స్కార్ఫ్ అనే సంస్థ ఉంది. విశాఖపట్నం, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలు రెండు రాష్ట్రాలకూ కేంద్రాలుగా నిలబడి జిల్లాల వారికి తర్ఫీదు ఇవ్వవచ్చు. గది ఒకటుంటే ఇంటివాళ్లు కూడా అక్కడ కూర్చుని నేర్చుకుంటారు. నాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, పిలిస్తే వస్తారు.

ఇంకొకటి భాషకు సంబంధించినది, బహుశా విశ్వవిద్యాలయాల మనస్తత్వ శాస్త్ర విభాగాలు పట్టించుకోవలసినది. ఆలోచనను ఒకదాని నుంచి మరొకదానికి మళ్ళించగల శక్తిని కొలిచే ఒక పేరున్న పరీక్షలో 1 తర్వాత ఏ, 2 తర్వాత బీ అని అంకెలను, ఇంగ్లిషు అక్షరాలను మార్చి మార్చి కలపాలి. తెలుగు మీడియంలో ఐదో తరగతితో ఆపేసిన మనిషి అందులో తడబడితే అది జబ్బా, ఏబీసీడీలా? అక్షరాలకు బదులు రంగులు వాడే రూపం ఉంది, దాన్ని వాడవచ్చు. గుర్తుంచుకోమని చదివే పదాల జాబితాలు కూడా శ్రీకాకుళం వారికీ ఆదిలాబాద్ వారికీ ఒకేలా తెలిసిన మాటలతో తయారు కావాలి, వాటిని ఆరోగ్యవంతులైన తెలుగువారి మీద ముందుగా పరీక్షించి సగటు మార్కులు నిర్ణయించాలి. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులున్న వారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే చెప్పింది. మన లెక్క మనకు విడిగా అందులో దొరకదు. మందే అందనివారుండగా శిక్షణ గొడవ ఎందుకని అధికారులు అడగవచ్చు. మందు అందాక కూడా మనిషి ఇంట్లోనే ఉండిపోతే, పనికిరాని మందని ఇంటివాళ్లే మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేసే పనులు కావు.

తమ్ముడు ఇప్పుడు మా వీధిలోని జిరాక్సు కొట్లో పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పనిచేస్తున్నాడు. కొట్టు యజమాని ఒకప్పటి నా విద్యార్థే. మిషన్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. ఒరిజినల్ తిరిగి ఇచ్చావా, ఎన్ని కాపీలు, ఎంత తీసుకున్నావు అని మూడే వాక్యాలు, తమ్ముడి దస్తూరీలోనే. సాయంత్రం రద్దీకి ఉండలేడు, ఒకేసారి నలుగురు మాట్లాడితే ఇప్పటికీ చేతులు ఆగిపోతాయి, నెలకు రెండు మూడు రోజులు అసలు వెళ్ళడు. ఆ నాలుగు గంటలకు వచ్చే డబ్బులో తన మందులు తనే కొనుక్కుంటున్నాడు.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు ప్రచురించవద్దని మనవి. వీధిలో వాడు నలుగురికీ కాపీలు తీసిచ్చే మనిషిగానే ఉండాలని నా కోరిక. 'మ'ల అభ్యాసం సైకాలజిస్టు ఎప్పుడో చాలించమన్నా వాడు మానలేదు, అందుకని మీ పత్రిక మొదటి పేజీ మా ఇంట్లో ఎనిమిది గంటలదాకా నా చేతికి రాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా.